లోపం ముందుగా యజమానికి తెలియాలి

2024 జులై 31న దేశంలోని దాదాపు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులు యూపీఐ చెల్లింపులు జరగక, ఏటీఎంలలో నగదు రాక అవస్థ పడ్డారు. ఆ సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్‌పై రాన్సమ్‌వేర్ (కంప్యూటర్లను స్తంభింపజేసి డబ్బు డిమాండ్ చేసే సాఫ్ట్‌వేర్) దాడి జరగడంతో, ముప్పు మిగతా బ్యాంకులకు పాకకుండా యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆ సంస్థను చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా వేరుచేయాల్సి వచ్చింది. దాడి తీరును పరిశీలించిన సైబర్ భద్రతా సంస్థ క్లౌడ్‌సెక్ చెప్పినదాని ప్రకారం, దుండగులకు దారి దొరికింది సీ-ఎడ్జ్‌తో కలిసి పనిచేసే మరో చిన్న సంస్థలోని, సరిగా అమర్చని జెంకిన్స్ (సాఫ్ట్‌వేర్ తయారీలో వాడేది) సర్వర్ ద్వారా. ఆ సాఫ్ట్‌వేర్‌లోని లోపం అదే ఏడాది జనవరిలో వెల్లడైంది. దాన్ని సరిచేసే అప్‌డేట్ కూడా అప్పుడే వచ్చింది. కంప్యూటర్లలోని భద్రతా లోపాలను సాఫ్ట్‌వేర్‌తో వెతికే సాధారణ స్కానింగ్‌లో బయటపడే లోపం ఆరు నెలలకు లక్షలాది మంది చెల్లింపులను నిలిపివేసింది.

మాది చిన్న వ్యాపారం, మా మీద ఎవరు దాడి చేస్తారన్న ధీమా మన వ్యాపార వర్గాల్లో బలంగా ఉంది. నేటి దాడుల తీరు తెలిస్తే ఆ ధీమా నిలవదు. దుండగులు సంస్థ పేరో టర్నోవరో చూసి దాడికి దిగడం అరుదు. వాళ్ల ప్రోగ్రాములు ఇంటర్నెట్‌లోని చిరునామాలన్నింటినీ రాత్రింబవళ్లు తడుముతూ, తెరిచి ఉన్న పోర్టులను (నెట్‌వర్క్ ద్వారాలను), అప్‌డేట్ కాని సాఫ్ట్‌వేర్‌ను వెతుకుతుంటాయి. అంటే ప్రతి సంస్థకూ లోపాల స్కానింగ్ ఎలాగూ జరుగుతూనే ఉంది. దాని ఫలితం యజమాని చేతికి కాకుండా దొంగ చేతికి వెళుతోంది.

ఏ జిల్లా కేంద్రంలోనైనా ఒక మందుల హోల్‌సేల్ ఏజెన్సీని పరిశీలిస్తే పరిస్థితి అర్థమవుతుంది. బిల్లింగ్ కౌంటర్లో నాలుగైదు కంప్యూటర్లు, లోపలి గదిలో ట్యాలీ నడిచే సర్వర్, పైన సీసీ కెమెరాల డీవీఆర్, ఇంటర్నెట్ కంపెనీ బిగించి వెళ్లిన రౌటర్ ఉంటాయి. రాత్రిపూట ఇంటి నుంచి లెక్కలు చూసుకోవాలని యజమాని అడిగితే, కంప్యూటర్లు చూసే కుర్రాడు రౌటర్‌లో 3389 పోర్టు తెరిచి, రిమోట్ డెస్క్‌టాప్ పెట్టి వెళతాడు. అది రోజూ అక్కరకొస్తుంది గనుక దాని సంగతి మళ్లీ ఎవరూ ఆలోచించరు. డీవీఆర్‌కు కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డే కొనసాగుతుంది. పాత ప్రింటర్ పనిచేయదేమోనన్న భయంతో ఒక కంప్యూటర్‌లో విండోస్ 7ను అలాగే ఉంచేస్తారు. దానికి మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆపేసింది 2020 జనవరిలో. బయటి నుంచి ఒకసారి, లోపలి నుంచి ఒకసారి స్కాన్ చేస్తే, ఇలాంటివి చాలావరకు కొద్ది గంటల్లోనే నివేదికలోకి వస్తాయి: ఏ యంత్రంలో ఏ లోపం ఉంది, సున్నా నుంచి పది వరకు ఉండే స్కోరులో దాని తీవ్రత ఎంత, సరిచేసే మార్గమేమిటి అన్న వివరాలతో సహా. పోర్టు మూసి వీపీఎన్ (బయటి నుంచి సురక్షితంగా లోపలికి కలిపే మార్గం) పెట్టడం, పాస్‌వర్డ్ మార్చడం ఒక పూటలో అయ్యే పనులు. డబ్బు పెట్టాల్సి వచ్చేది ఆ పాత కంప్యూటర్ విషయంలోనే.

కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించుకోవడం మన వ్యాపారులకు అలవాటే. కంప్యూటర్ల భద్రతనూ అలాగే ఏడాదికొక ఆడిట్‌తో సరిపెట్టవచ్చని అనుకుంటున్నవారు, కాటాకు లేని ఇబ్బంది ఇక్కడ ఉందని గుర్తించాలి. 2024లో సాఫ్ట్‌వేర్ లోపాలను నమోదుచేసే సీవీఈ అనే అంతర్జాతీయ జాబితాలో 40,000కు పైగా కొత్త లోపాలు నమోదయ్యాయి, అంటే సగటున రోజుకు వందకు మించి. 2017 మే 12న మొదలైన వాన్నక్రై రాన్సమ్‌వేర్ దాడినే చూద్దాం. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) విడుదల చేసింది. అయినా దాదాపు 150 దేశాల్లో కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని అందులో ఉన్నాయి. ఆ ఏడాది జనవరిలో ఆడిట్ చేయించుకుని సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్న సంస్థకు కూడా ఆ సర్టిఫికెట్ మే నెలలో అక్కరకు రాదు. ఏప్రిల్‌లో స్కాన్ చేసుకున్న సంస్థకు మాత్రం సరిదిద్దుకోవడానికి వారాల వ్యవధి దొరికేది. కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణమైన పీసీఐ డీఎస్ఎస్ మూడు నెలలకోసారైనా స్కానింగ్ చేయాలంటోంది. మా అభిప్రాయంలో చిన్న సంస్థకు నెలకోసారి చేయడమే క్షేమం. రౌటర్ మార్చినా, కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినా ఆ వారంలోనే మరోసారి చేయాలి. బిల్లింగ్ జోరుగా సాగే వేళల్లో స్కాన్ మొదలుపెడితే పాత యంత్రాలు స్తంభించే ప్రమాదముంది కాబట్టి దుకాణం మూసిన తర్వాత చేయడం మంచిది.

స్కానింగ్ ఎంతటి సంస్థ చేసినా, తన దగ్గర ఏమేమి ఉన్నాయో తెలియకపోతే వృథాయే. అమెరికాలో సుమారు 14.7 కోట్ల మంది వ్యక్తిగత వివరాలు పోగొట్టిన రుణ సమాచార సంస్థ ఈక్విఫాక్స్ 2017 మార్చిలో, వెబ్‌సైట్ల తయారీలో వాడే అపాచీ స్ట్రట్స్ సాఫ్ట్‌వేర్‌లోని లోపం కోసం స్కాన్ చేసింది. లోపమున్న వ్యవస్థ మాత్రం ఆ స్కాన్‌కు చిక్కలేదు. మే నెలలో దొంగలు సరిగ్గా దాని ద్వారానే లోపలికి వచ్చారు. అందుకే మొదటి పని జాబితా రాసుకోవడం: కంప్యూటర్లు, ఫోన్లు, ప్రింటర్లు, కెమెరాలు, వెబ్‌సైట్, ఎప్పుడో పెట్టి మరిచిపోయిన పాత సర్వర్. పదిమంది పనిచేసే సంస్థకు ఇది ఒక సాయంత్రపు పని.

స్కానింగ్ అన్నింటినీ ఆపుతుందని చెబితే అది పాఠకులను మభ్యపెట్టడమే. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా కొల్లగొట్టిన దుండగులు, ఉద్యోగులకు పంపిన మోసపు ఈమెయిళ్లతో లోపలికి ప్రవేశించారు. ఈమెయిల్‌లోని లింకు నొక్కే చేతిని ఏ స్కానరూ ఆపలేదు. అయితే లోపలికొచ్చిన దొంగ ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి ఎంత సులువుగా పాకగలడన్నది సరిచేయని లోపాలమీదే ఆధారపడుతుంది. ఆ బ్యాంకు నెట్‌వర్క్ రక్షణలో తీవ్ర నిర్లక్ష్యం ఉందని నగర పోలీసులు తేల్చగా, 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది.

అసలు వైఫల్యం తరచుగా నివేదిక వచ్చాకే మొదలవుతుంది. వంద పేజీల పీడీఎఫ్ ఈమెయిల్‌లో పడుతుంది, అకౌంటెంట్ దాన్ని కంప్యూటర్లు చూసే మనిషికి పంపుతాడు, అతను వచ్చే నెల చూద్దామంటాడు. ప్రతి లోపానికీ ఒక బాధ్యుడు, ఒక గడువు ఉండాలి. తీవ్రమైనవి, అందులోనూ ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్నవి, వారంలోపు సరిచేయాలి. సరిచేశాక మళ్లీ స్కాన్ చేసి నిర్ధారించుకోవాలి. ఎన్‌మ్యాప్, ఓపెన్‌వాస్ వంటి స్కానింగ్ సాధనాలు ఉచితంగానే దొరుకుతాయి. తమ సొంత వ్యవస్థలపైనే వాటిని వాడాలి. ఇతరుల కంప్యూటర్లను అనుమతి లేకుండా తడిమితే ఐటీ చట్టం కింద చిక్కులు తప్పవు.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2025లో 15 ప్రాథమిక నియంత్రణలను ప్రకటించి, ఏటా ఆడిట్ జరగాలని పేర్కొంది. ఇది స్వాగతించదగినదే. కానీ ఆడిట్ సర్టిఫికెట్ల అమ్మకంగా దిగజారితే చిన్న వ్యాపారికి మరో ఖర్చు తప్ప మిగిలేదేమీ ఉండదు. ఉభయ రాష్ట్రాల ప్రభుత్వాలు జిల్లా పరిశ్రమల కేంద్రాల ద్వారా, వర్తక సంఘాల భాగస్వామ్యంతో, నామమాత్రపు రుసుముకు నెలవారీ స్కానింగ్ సేవ అందించాలని మేము కోరుతున్నాం. ఒక్కో దుకాణం విడిగా భరించలేని నిపుణుడి జీతాన్ని 200 దుకాణాలు కలిస్తే తేలిగ్గా భరించగలవు. నివేదికలు తెలుగులో, మొదట చేయాల్సిన అయిదు పనులు మొదటి పేజీలోనే ఉండేలా ఇవ్వాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, వినియోగదారుల వివరాలకు తగిన రక్షణ కల్పించని సంస్థపై 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. 2025 నవంబరులో నోటిఫై అయిన నిబంధనలు ఈ బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చాయి. జిల్లాల్లో ఈ సేవ 2027 మేలోగా మొదలుకావాలంటే, రానున్న బడ్జెట్లలోనే దానికి కేటాయింపు జరగాలి.