హోప్ ఐలాండ్‌ను మూసెయ్యాలా?

(కాకినాడ జెట్టీ. టూరిస్టు బోటు నడిపే బాబాయ్, జువాలజీ చదివే అన్న కూతురు. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కాబట్టి జనవరి నుంచి మే దాకా హోప్ ఐలాండ్‌కు సందర్శకుల్ని రానివ్వద్దని అమ్మాయి పట్టు. తాబేళ్లంటే ఇద్దరికీ ప్రేమే. గొడవంతా ఎవరిని ఆపాలన్న దగ్గరే.)

బాబాయ్: సీజనంతా మూసేస్తే నేను గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలా? జనం వస్తారు, ఫొటోలు దిగి పోతారు. తాబేలుకేం నష్టం?

అమ్మాయి: నువ్వు చూడందా బాబాయ్? ఆలివ్ రిడ్లీ తాబేలు రాత్రిపూట ఒడ్డెక్కి వెనక కాళ్లతో గుంట తవ్వుతుంది. వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒంటితో అటూ ఇటూ ఊగుతూ దిమ్మిస కొట్టినట్టు అణిచేస్తుంది. తెల్లారాక అక్కడ గుడ్లున్నాయని ఎవరికి తెలుస్తుంది? సరిగ్గా దాని మీదే మనవాళ్లు టెంటు మేకు దిగ్గొడతారు. తిన్నది పారేస్తే కుక్కలు మరుగుతాయి. ఆ కుక్కలే గుడ్లు తవ్వుకు తింటాయి.

బాబాయ్: రాత్రి వద్దంటే ఒప్పుకుంటా. తాబేలు పిల్లలు లైటు చూసి సముద్రం అనుకుని అటే పాకుతాయని నాకూ తెలుసు. పగలెందుకు ఆపడం? అసలు ఒడ్డుకు కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్లు ఎవరి పుణ్యమే? వల ఈడ్చుకెళ్లే ట్రాలర్ మరబోట్లకు చిక్కుకుని, పైకొచ్చి ఊపిరి పీల్చుకోలేక పోతున్నాయి. తీరానికి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదని రూలు. వాళ్లని వదిలేసి నా మీద పడతారా?

(బాబాయ్ మాట కొట్టిపారేసేది కాదు. అమ్మాయి కూడా కాసేపు తడుముకుంది.)

అమ్మాయి: వాళ్లనీ ఆపాలి. అలాగని నీకు మాఫీ లేదు. లక్షద్వీప్‌లో పిట్టి దీవి ఉంది, చిన్న ఇసుక దిబ్బ. టెర్న్ పక్షులు నేల మీదే గుడ్లు పెడతాయి. మనిషి అడుగుపెడితే గుంపంతా లేచిపోతుంది, గుడ్లు ఎండకి మాడతాయి. పగలే ఎక్కువ ప్రమాదం.

బాబాయ్: అక్కడ ఊరు లేదుగా! మన దీవిలో వేటకెళ్లే కుటుంబాలున్నాయి. వాళ్లనీ పంపించేస్తావా?

అమ్మాయి: వాళ్లనెందుకు? కాపలాకి వాళ్లే కావాలి. ఆపేది టూరిస్టుల్నే.

బాబాయ్: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధమైతే వాళ్లకి ప్రభుత్వం భృతి ఇస్తుంది. నా బోటు కట్టేస్తే ఈఎంఐ ఎవరు కడతారు?

అమ్మాయి: అదే అడుగుతూ అర్జీ పెడదాం.

బాబాయ్: రాయి, సంతకం పెడతా. ట్రాలర్ల సంగతి మొదటి పేరాలోనే ఉండాలి. పగటి ట్రిప్పులు ఆపమని కూడా రాయి.

అమ్మాయి: ఆపుతామనా?

బాబాయ్: ఆపం అని!

అమ్మాయి: అది నేను రాయను.