‘అమెరికా వెళ్లింది, అఫ్గానిస్థాన్ బాగుపడింది’ అనే ఫార్వర్డ్‌కు నా జవాబు

మళ్లీ అదే మెసేజ్. ఇన్నాళ్లూ పట్టించుకోలేదు, కానీ ఇప్పుడు బాగా చదువుకున్న, నేను గౌరవించే స్నేహితులు కూడా ‘కరెక్టుగా చెప్పాడు’ అని పైన ఒక మాట చేర్చి మరీ పంపుతున్నారు. చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది ఇది: విదేశీ సైన్యం వెళ్లిన రోజే అఫ్గానిస్థాన్‌లో శాంతి వచ్చింది. మూడు లక్షల అఫ్గాన్ సైన్యం ఒక్క తూటా పేల్చకుండా పారిపోయింది. అమెరికా 85 బిలియన్ డాలర్ల ఆయుధాలు తాలిబన్లకు వదిలేసింది. ఆడపిల్లల చదువు గొడవ పాశ్చాత్య మీడియా సృష్టి, అది వాళ్ల సంస్కృతి. అది సామ్రాజ్యాల శ్మశానం, ఎవరూ దాన్ని ఏలలేదు. ఇక వాళ్ల సంగతి వాళ్లే తేల్చుకుంటారు, బయటివాళ్లు నోరు మూసుకోవాలి.

తేలికవి ముందు తేల్చేద్దాం. ‘ఎవరూ ఏలలేదు’ అట. బాబర్ కాబూల్‌ను ఏలాడు, ఆయన సమాధి ఇప్పటికీ అక్కడే ఉంది. 1879లో గండమక్ ఒప్పందం జరిగాక 1919 దాకా ఆ దేశ విదేశాంగ వ్యవహారాలు బ్రిటిష్ వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. దీనికి ఇంతకన్నా సమయం పెట్టను.

85 బిలియన్ల సంగతి. అక్కడి ఖర్చుల్ని తనిఖీ చేసిన అమెరికా సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ లెక్కల ప్రకారం దాదాపు 83 బిలియన్లు అనేది ఇరవై ఏళ్లలో అఫ్గాన్ బలగాల మీద పెట్టిన మొత్తం ఖర్చు. జీతాలు, శిక్షణ, ఇంధనం, భవనాలు అన్నీ అందులోవే. చివరికి అఫ్గాన్ బలగాల దగ్గర మిగిలిపోయిన సామగ్రి విలువ 7 బిలియన్లకు కాస్త పైన అని పెంటగాన్ తేల్చింది. అదీ చిన్న మొత్తం కాదు, తాలిబన్లకు దక్కిందీ నిజమే. పన్నెండు రెట్లు పెంచి చెప్పాల్సిన అవసరం ఏమొచ్చింది?

ఇక ‘ఒక్క తూటా పేల్చకుండా’ అనే మాట. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. 2014 సెప్టెంబరులో తాను పదవిలోకి వచ్చినప్పటి నుంచి 45 వేల మందికి పైగా అఫ్గాన్ భద్రతా సిబ్బంది చనిపోయారని 2019 జనవరిలో అప్పటి అఫ్గాన్ అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ స్వయంగా చెప్పాడు. మొత్తం యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికులు 2,400 పైచిలుకు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని ఆ మెసేజ్ ఇంకోసారి చదవండి. 2021 జూన్‌లో ఫర్యాబ్ ప్రావిన్స్ దౌలతాబాద్‌లో అదనపు బలగాలు రాక ఇరవై మందికి పైగా కమాండోలు చనిపోయారు. హెల్మంద్ రాజధాని లష్కర్‌గాహ్‌లో వీధి వీధికీ పోరాడి నగరాన్ని ఆగస్టు 13 దాకా నిలబెట్టారు. మరి ఆ సైన్యం ఎందుకు కూలిపోయింది? 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా ప్రతినిధి ఖలీల్జాద్, తాలిబన్ నాయకుడు ముల్లా బరాదర్ సంతకాలు చేసిన ఒప్పందంలో కాబూల్ ప్రభుత్వం పార్టీయే కాదు. తాను సంతకం పెట్టని ఆ కాగితం కోసం అది ఐదు వేల మంది తాలిబన్ ఖైదీలను వదిలిపెట్టాల్సి వచ్చింది. విదేశీ బలగాలు 14 నెలల్లో వెళ్లిపోతాయని తేదీతో సహా రాసిచ్చారు. ఆ రోజు నుంచే ప్రతి చెక్‌పోస్టులోని సిపాయికీ ఇక తన వెనక ఎవరూ లేరని అర్థమైపోయింది. విమానాలు, హెలికాప్టర్ల మరమ్మతులు చూసే విదేశీ కాంట్రాక్టర్లు కూడా 2021 వేసవిలో వెళ్లిపోయారు. బాగుచేసేవాడు లేని హెలికాప్టర్ ఎన్ని రోజులు ఎగురుతుంది? మారుమూల పోస్టులకు తిండి, మందుగుండు, గాయపడినవాళ్ల తరలింపు అన్నీ వాటి మీదే ఆధారపడి ఉండేవి. కాగితాల మీద మాత్రమే ఉన్న సైనికులు, వాళ్ల పేరుతో జీతాలు మింగిన అధికారులు, నెలల తరబడి జీతం రాని పోలీసులు, వీళ్లందరూ కూడా ఈ కథలో ఉన్నారు, కాదనను. ‘మూడు లక్షలు’ అన్నదే ఎన్నడూ నిజమైన అంకె కాదు. కానీ దొంగ లెక్కలు రాసిన అధికారి తప్పుకు ఆ కొండల్లో చచ్చిపోయిన కుర్రాణ్ని పిరికివాడు అంటారా? అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ 2021 ఆగస్టు 16న దాదాపు అలాగే మాట్లాడాడు. ఆయనకు తన నిర్ణయాన్ని సమర్థించుకునే అవసరం ఉంది. మీకేం అవసరం?

శాంతి వచ్చిందన్న మాటకు వస్తాను. చాలామంది నా నుంచి ఆశించని మాట ఒకటి చెప్పాలి. ఇందులో కొంత నిజం ఉంది, ఆ నిజాన్ని నాలాగా వాదించేవాళ్లు సాధారణంగా దాటేస్తారు. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో 2020 ఒక్క ఏడాదిలో 3,035 మంది పౌరులు చనిపోయారు. తాలిబన్లు కాబూల్‌ను పట్టుకున్న 2021 ఆగస్టు 15 నుంచి 2023 మే చివరి దాకా, అంటే ఇరవై ఒక్క నెలలు దాటిన కాలంలో, చనిపోయినవాళ్లు 1,095 మంది. హెల్మంద్‌లోనో వార్దక్‌లోనో పల్లెటూరి తల్లికి ఇది చిన్న తేడా కాదు. అర్ధరాత్రి తలుపులు బద్దలుకొట్టి జరిపే దాడులు ఆగాయి. 2015లో కుందుజ్‌లో ఆసుపత్రి మీద అమెరికా విమానం దాడి చేసి 42 మందిని చంపింది, అలాంటి భయమూ తగ్గింది. గసగసాల సాగు మీద 2022 ఏప్రిల్‌లో పెట్టిన నిషేధంతో మరుసటి ఏడాదికి సాగు 95 శాతం పడిపోయింది, ఇది కూడా విదేశీ సైన్యం ఉన్న ఇరవై ఏళ్లలో జరగనిదే. విదేశీ సైన్యం ఇంకో ఇరవై ఏళ్లు ఉన్నా ఆ యుద్ధం గెలిచేది కాదని కూడా నేను నమ్ముతాను. అసలు 2001 డిసెంబరులోనే కాందహార్ తాలిబన్ నాయకులు కొందరు కొత్త ప్రభుత్వాధినేతగా ఎంపికైన కర్జాయ్‌తో లొంగుబాటు గురించి మాట్లాడితే, అలాంటి రాజీ కుదరదని అమెరికా రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ తేల్చేశాడు. కొత్త ప్రభుత్వాన్ని కూర్చడానికి జర్మనీలో జరిగిన బాన్ సమావేశానికి తాలిబన్లను పిలవనే లేదు. ఆ రోజు మాట్లాడి ఉంటే ఇన్ని వేల ప్రాణాలు పోయేవా అన్న ప్రశ్న నన్ను వదలదు.

కానీ చావులు ఎందుకు తగ్గాయో కూడా చెప్పాలి కదా. 2020లో పౌరుల చావులు, గాయాల్లో 45 శాతానికి బాధ్యులు తాలిబన్లేనని అదే ఐక్యరాజ్యసమితి నివేదిక చెబుతోంది. రోడ్డు పక్కన బాంబులు పెట్టినవాళ్లే గద్దె ఎక్కారు, కాబట్టి ఇప్పుడు పెట్టడం లేదు. దాన్ని కృతజ్ఞతతో స్వీకరించాలా? ఆ తగ్గుదల షియా మైనారిటీ అయిన హజారాల దాకా చేరనూ లేదు. 2022 సెప్టెంబరు 30న కాబూల్ దష్త్-ఎ-బర్చీలోని కాజ్ కోచింగ్ సెంటర్‌లో ప్రవేశ పరీక్ష రాస్తున్న పిల్లల మధ్య బాంబు పేలి యాభై మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది అమ్మాయిలు.

ఇప్పుడు అసలు విషయం, నేను ఈ జవాబు రాయడానికి కారణం: ‘అది వాళ్ల సంస్కృతి’.

ఎవరి సంస్కృతి? 1921లో రాణి సొరయా కాబూల్‌లో ఆడపిల్లల బడి తెరిచింది. 1964 రాజ్యాంగం ఆడవాళ్లకు ఓటు ఇచ్చింది, మరుసటి ఏడాదే కుబ్రా నూర్జాయ్ ఆరోగ్య మంత్రి అయింది. అప్పటికి అక్కడ రష్యన్ సైన్యమూ లేదు, అమెరికన్ డ్రోనూ లేదు. 1990ల్లో తాలిబన్లు మొదటిసారి బడులు మూసినప్పుడు హెరాత్‌లో ఆడవాళ్లు కుట్టు శిక్షణ పేరు పెట్టుకుని లోపల సాహిత్యం చదువుకున్నారు. చదువొద్దనేదే వాళ్ల సంస్కృతి అయితే, దొరికితే కొరడా దెబ్బలు తప్పవని తెలిసి కూడా దొంగచాటుగా చదివినవాళ్లు ఏ దేశంవాళ్లు? 2022 మార్చి 23న హైస్కూళ్లు తెరుస్తున్నామని ప్రకటిస్తే పుస్తకాల సంచులు వేసుకుని అమ్మాయిలు బారులు తీరారు. కొన్ని గంటల్లోనే ఇళ్లకు పొమ్మన్నారు. ఏడ్చుకుంటూ వెనక్కి వెళ్లిన ఆ పిల్లలకు ఎవరైనా మెసేజ్ పెట్టి చెప్పారా, ‘అమ్మా, ఇది మీ సంస్కృతే, ఏడవకండి’ అని? అదే ఏడాది ఆగస్టులో కాబూల్ వీధిలో ‘రొట్టె, పని, స్వేచ్ఛ’ అని నినదించిన ఆడవాళ్లను చెదరగొట్టడానికి గాల్లోకి కాల్పులు జరిపారు. సంస్కృతిని కాపాడటానికి తుపాకీ అవసరమైతే అక్కడి జనం దాన్ని తమదనుకోవడం లేదనే కదా అర్థం.

‘మరి మతం?’ అంటారు వెంటనే. 2022 డిసెంబరులో ఆడవాళ్లకు యూనివర్సిటీలు మూసినప్పుడు ఈజిప్టులోని ప్రసిద్ధ ఇస్లామిక్ విద్యాకేంద్రం అల్-అజహర్ ఇమామ్ అహ్మద్ అల్-తయ్యిబ్ ఇది షరియాకు విరుద్ధమని ప్రకటించారు. సౌదీ, ఖతర్, తుర్కియే తప్పుపట్టాయి. తాలిబన్ ప్రభుత్వంలోనే అప్పట్లో డిప్యూటీ విదేశాంగ మంత్రిగా ఉన్న షేర్ అబ్బాస్ స్తానిక్జాయ్ ఈ నిషేధానికి ఏ సమర్థనా లేదని 2025 జనవరిలో బహిరంగంగా అన్నాడు. ఇవన్నీ పాశ్చాత్య మీడియానా?

దీన్ని చదువు సమస్యగా మాత్రమే చూడటం కూడా పొరపాటే. 2024 డిసెంబరులో నర్సింగ్, మంత్రసాని కోర్సుల నుంచి కూడా ఆడవాళ్లను గెంటేశారు. మగ డాక్టరు దగ్గరికి ఆడవాళ్లు వెళ్లడమే కష్టంగా ఉన్న చోట, ఆరో తరగతి దాటి ఆడపిల్ల చదవకూడదన్న చోట, ఇంకో పదేళ్లకు కాన్పు చేసేది ఎవరు? ప్రసవంలో తల్లులు ఎక్కువగా చనిపోయే దేశాల్లో అఫ్గానిస్థాన్ ఇప్పటికే ఒకటి. యుద్ధం లేకుండానే మనుషుల్ని చంపే నిర్ణయం ఇది, తుపాకీ చప్పుడు వినపడదు కాబట్టి మీ లెక్కలో శాంతి అయింది.

ఆఖరి పాయింటు, ‘వాళ్లే తేల్చుకుంటారు’. వినడానికి ఎంత గౌరవంగా ఉందో. నిజంగా వాళ్లే తేల్చుకోవాలని నేనూ కోరుకుంటున్నాను, ఇరవై ఏళ్లుగా శాంతి గురించి మాట్లాడిన అఫ్గాన్లు అడిగిందీ అదే. కానీ తేల్చుకోనిచ్చింది ఎవరు? సోవియట్ సైన్యం వెళ్లిపోవడానికి కుదిరిన 1988 జెనీవా ఒప్పందంలో, దానితో పోరాడిన ముజాహిదీన్లు లేరు. 1989 ఫిబ్రవరి 15న సోవియట్ సేనాని గ్రోమోవ్ సరిహద్దు వంతెన దాటి వెళ్లిపోయాడు, సోవియట్ల అండతో ఉన్న నజీబుల్లా ప్రభుత్వం సోవియట్ డబ్బు, ఇంధనం వచ్చినంత కాలం నిలబడి 1992 ఏప్రిల్‌లో కూలిపోయింది, ఆ తర్వాత ముజాహిదీన్లు తమలో తాము కొట్టుకుని కాబూల్‌ను రాళ్లగుట్ట చేశారు. 2020 దోహాలో కాబూల్ లేదు. రెండుసార్లూ వెళ్లిపోయేవాడు తన దారి చూసుకున్నాడు, కలిసి బతకాల్సిన రెండు పక్షాల్లో ఒకదాన్ని గది బయట నిలబెట్టాడు. అమెరికా వెళ్లడం తప్పని నేననను, ఇలా వెళ్లడం తప్పంటున్నాను.

మరి ఇప్పుడు తేల్చుకోవడానికి ఏముంది? పాత రాజ్యాంగం పక్కన పడేశారు. ఎన్నికల సంఘాన్ని 2021 డిసెంబరులో రద్దు చేశారు, మానవ హక్కుల కమిషన్‌ను 2022 మేలో తీసేశారు. మహిళా మంత్రిత్వ శాఖ భవనంలో ఇప్పుడు ‘సద్గుణ ప్రచార, దుర్గుణ నివారణ’ శాఖ నడుస్తోంది. కాందహార్‌లో కూర్చున్న తాలిబన్ అధినేత హిబతుల్లా అఖుంద్‌జాదా ఫర్మానా (ఆజ్ఞ) రాస్తాడు, దేశం పాటించాలి. ‘అఫ్గాన్లే తేల్చుకుంటారు’ అని పంపుతున్న మిత్రులారా, ఆ పని చేయడానికి కాబూల్‌లో ఒక అఫ్గాన్ స్త్రీ ఏ ఆఫీసుకు వెళ్లి ఎవరికి అర్జీ ఇవ్వాలో కూడా ఆ మెసేజ్‌లో రాసి పంపండి.