పసుపు గుడ్డలో చామాకులు

క్యోటోలోని తోజి గుడి ఆవరణలో ప్రతి నెలా 21న పెద్ద సంత. ఈసారి ఆదివారం పడిందని ఒసాకాలో రైలెక్కి పొద్దున్నే వాలిపోయాను. పాత జపాన్ బొమ్మల్లో నా పాండిత్యం అప్పటికి మూడు యూట్యూబ్ వీడియోలు.

ఒక తాత దగ్గర కనబడింది ఆయిల్ పెయింటింగ్. చీకటి నీళ్ళలో తామరాకులు! అట్టపెట్టె, అందులో పసుపు గుడ్డ సంచి, అందులో బొమ్మ. వెనకాల ‘షోవా 48, 6 గో’ అని రాసుంది. షోవా 48 అంటే 1948 అనుకున్నా. ‘గో’ అంటే నంబరని తెలుసు. అయితే ఈ వరసలో ఇది ఆరోదన్నమాట, మిగతా అయిదూ ఏ మ్యూజియంలో ఉన్నాయో! బేరమాడదామంటే భాష చాలలేదు. ఎనిమిది వేల యెన్లూ ఇచ్చేసి, పైగా నేనే వంగి దణ్ణం పెట్టి వచ్చాను.

మా ఆవిడ ఒక్క చూపు చూసింది. "తామరాకు పళ్ళెంలా గుండ్రంగా ఉంటుందండీ. ఇవి ఏనుగు చెవుల్లా లేవూ? చామాకులు. పులుసు దుంపకి ఎనిమిది వేలా?"

మర్నాడు ఆఫీసులో పక్క సీటు జపాన్ ఆయనకి ఫోటో చూపించాను. పాపం, నవ్వకుండానే చెప్పాడు. షోవా అంటే అప్పటి జపాన్ చక్రవర్తి హయాం లెక్క, 1926 దానికి ఒకటో ఏడు, కాబట్టి 48 అంటే 1973. నా బొమ్మకి నిలబడ్డ చోటే పాతికేళ్ళు తగ్గాయి. ఇక 6 గో అనేది కాన్వాసు సైజు, పొడవు 41 సెంటీమీటర్లు. చీర ఆరు గజాలంటే ఆరో చీర అనుకున్నట్టుంది నా తెలివి.

ఇంటికొస్తే అసలు కథ అక్కడుంది. సంచి ముక్కిన వాసన వేస్తోందని మా ఆవిడ దాన్ని నా తెల్లచొక్కాలతో కలిపి మెషీన్‌లో వేసింది. పురుగు పట్టకుండా బొమ్మల్నీ పింగాణీనీ పసుపు అద్దిన గుడ్డలో చుట్టడం జపాన్ వాళ్ళ పాత అలవాటు. ఇప్పుడు చాలావాటికి వాడేది రసాయన రంగే. నా అదృష్టం, నాకు దొరికింది మాత్రం పాత పద్ధతిది. సబ్బు తగలగానే పారాణిలా ఎర్రబడి, జాడించేసరికి మళ్ళీ పచ్చబడింది. సంచి ఒక్కటే కాదు, చొక్కాలు కూడా.

ఆరు చొక్కాలు. బాల్కనీలో ఆరేస్తే పెళ్ళివారిల్లులా ఉంది.

మా ఆవిడ సంచిని ఎండకేసి పట్టుకుని చూసి, "పోన్లెండి, గుడ్డయినా అసలుదే" అంది.