ఎడమ కాలి సాక్ష్యం

మా వైపు, అంటే చీపురుపల్లి చుట్టుపక్కల, సంతలో నిలబడి "అప్పలస్వామీ!" అని ఒక్క కేక వేస్తే సగం బేరాలు ఆగిపోతాయి. సింహాచలం అప్పన్న మీద మాకు భక్తి ఎక్కువ. మొక్కుకున్న ప్రతి ఇంట్లో ఒక అప్పలస్వామో, అప్పన్నో, అప్పలనాయుడో, అప్పలకొండో ఉంటారు. అవన్నీ అయిపోతే సింహాచలం, సింహాద్రి. ఇంటిపేరుంటే ఎవరు ఎవరో తేల్చుకోవచ్చు గానీ, పాత కాగితాల్లో కూలివాడి ఇంటిపేరు రాసేంత ఓపిక ఏ గుమస్తాకీ ఉండేది కాదు. అలాంటి చోట మా బాబాయి వాళ్ల తాత అప్పలస్వామిని వెతకడానికి నడుం కట్టాడు.

కారణం గృహప్రవేశం. రిటైరైన డబ్బుతో బాబాయి విజయనగరంలో ఇల్లు కట్టాడు. గేటు పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ, అందులో వంశం మూడు తరాలూ ఉండాలని పట్టు. మా తాతయ్య ఫోటో ఉంది. ఓటరు కార్డు మీదిది, అందులో ఆయన పట్టుబడ్డ దొంగలా ఉంటాడు, అయినా ఉంది. ముత్తాతకి అదీ లేదు. ఆయన గురించి ఇంట్లో మిగిలిందల్లా ఒక్క ముక్క: కుర్రతనంలో ఓడెక్కి వెళ్లిపోయాడు, కొన్నేళ్లకి తిరిగొచ్చాడు. ఎక్కడికంటే రంగం, అంటే బర్మాలో రంగూన్, అని పెద్దనాన్న, ఆఫ్రికా అని నాన్న. ఆయన బతికుండగా అడిగినవాళ్లు లేరు. వచ్చినవాడు వచ్చాడు, పొలం పనికి వెళ్లాడు, అంతే.

బాబాయి ముందు ఊళ్లో రికార్డుల మీద పడ్డాడు. జనన మరణాల లెక్క ఒకప్పుడు మునసబు రాసేవాడు. 1984లో మునసబు, కరణం ఉద్యోగాలు రద్దయ్యాక ఆ పుస్తకాల్లో కొన్ని ఆఫీసులకి చేరాయి, కొన్ని అటకల మీద చెదలకి చేరాయి. ఎలాగో ఒక పాత రిజిస్టరు దొరికింది. పుట్టినవాళ్ల పేజీల్లో పిల్లల పేర్లుండవు, "అప్పలస్వామికి మగశిశువు" అని ఉంటుంది. ఆ శిశువుకి తర్వాత ఏ పేరు పెట్టారన్నది మునసబుకి అనవసరం. చాలావరకు అప్పలస్వామే అయ్యుంటుంది. చనిపోయినవాళ్ల పేజీల్లో కారణం దగ్గర జ్వరం, జ్వరం, జ్వరం. ఆ పుస్తకాన్ని నమ్మితే మా ఊళ్లో జనం ఒక తరం పాటు జ్వరంతో తప్ప దేనితోనూ చావలేదు.

పోనీ అడంగల్లో చూద్దామంటే, 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా మాది జమీందారీ. ఆ తర్వాత సర్వే చేసి రాసిన లెక్కల్లోనూ సెంటు భూమైనా ఉన్నవాడి పేరే ఎక్కింది. మావాళ్లకి భూమి తాతయ్య కాలంలో వచ్చింది. నన్నడిగితే, ఏమీ లేనివాడు సర్కారు కాగితం మీదకి ఎక్కాలంటే ఆ రోజుల్లో మూడే దారులు: అప్పు చెయ్యాలి, కోర్టుకి పోవాలి, లేదా ఓడెక్కాలి. అదృష్టవశాత్తూ మా ముత్తాత ఓడెక్కాడు.

1860లో 'ట్రూరో' అనే ఓడ మద్రాసులో బయల్దేరి నవంబరు 16న దక్షిణాఫ్రికా నేటాల్ తీరంలోని డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాకా 1,52,000 మందికి పైగా మన దేశం నుంచి నేటాల్ చెరకు తోటలకీ, బొగ్గు గనులకీ, రైలు పట్టాల పనికీ వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది మద్రాసులో ఓడెక్కినవాళ్లే. విశాఖపట్నం జిల్లా వాళ్లూ బోలెడంతమంది. ఓడకో జాబితా. మనిషికో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు, ఎవరి దగ్గర పనికి పంపారో ఆ వివరం. అంత శ్రద్ధగా రాసింది ప్రేమతో కాదు, పారిపోతే పట్టుకోడానికి. మన మునసబుకి పట్టని పుట్టుమచ్చ ఆ గుమస్తాకి పట్టింది.

ఆ జాబితాలు ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కాయి. బాబాయి చత్వారం కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నాడు. అప్పల్‌సామి, అపలాసామీ, ఆప్లసోమి, అప్పుల్‌స్వామి. గుమస్తాకి వినిపించిన పేర్లన్నీ వడపోసి, జిల్లా, ఠాణా, తండ్రి పేరు సరిపోయినవాళ్లని ఏరితే ముగ్గురు తేలారు. ముగ్గురి తండ్రీ రాముడే. ఒకడు చెరకు తోటకి వెళ్లాడు. ఇంకొకడు 1902లో నేటాల్ గవర్నమెంట్ రైల్వేకి వెళ్లాడు. మూడోవాడు డర్బన్ మునిసిపాలిటీలో వీధులు ఊడ్చే పనికి వెళ్లాడు, అదీ పక్కనే పోలి అనే పెళ్లాంతో సహా.

మూడోవాణ్ని బాబాయి తిరిగి చూడలేదు. చెరకు కూలీ కూడా ఫ్లెక్సీకి పనికిరాడు. "రైల్వే! మన తాత రైల్వే ఉద్యోగి!" అని ఆ పూటే తేల్చేశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. "అన్నయ్యా, గాంధీగారిని పీటర్‌మారిట్స్‌బర్గ్‌లో రైల్లోంచి దింపేశారే, అదీ ఈ రైల్వేనే!"

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. "అయితే దింపింది మన తాతేనా?"

గాంధీగారిని దింపింది 1893లో, ఈ అప్పలస్వామి వెళ్లింది 1902లో అని నేను లెక్క చెప్పబోయాను. బాబాయి వినే స్థితిలో లేడు. గాంధీగారు 1904లో డర్బన్ పక్కనే ఫీనిక్స్ ఆశ్రమం పెట్టారు కాబట్టి ఇద్దరూ కచ్చితంగా కలుసుకునే ఉంటారన్నాడు. కలుసుకున్నారంటే ఉద్యమంలో ఉన్నట్టే. ఉద్యమంలో ఉంటే సమరయోధుడే. సాయంత్రానికి ఫ్లెక్సీ కుర్రాడికి అడ్వాన్సు వెళ్లిపోయింది. ఎడమవైపు పొగలు కక్కే రైలింజను, కుడివైపు గాంధీగారు, మధ్యలో ఖాళీ గుండ్రం, అందులో 'ఫోటో లభ్యం కాలేదు'.

ఇంత జరిగాక గుర్తొచ్చింది, ముత్తాతని కళ్లతో చూసిన మనిషి ఇంట్లోనే ఉందని. మా నాన్నమ్మకి తొంభై దాటాయి. అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. బాబాయి కాగితాలు పట్టుకెళ్లి ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, తాతకి కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ ఉండేది కదూ?" రైల్వే అప్పలస్వామికి రాసిన గుర్తు అది.

"ఏమో రా. మావ మొహం నానెప్పుడు సూసాను?"

"ఒకే ఇంట్లో అన్నేళ్లున్నావు!"

"కోడల్ని రా. మావ ఎదురుగా తలెత్తుతానా? పాదాలడుగు, సెప్తాను. ఆయన పొలం నించొస్తే సెంబుతో కాళ్ల మీద నీళ్లు పోసింది నానే." గింజ పక్కన పడేసింది. "ఎడం కాలికి రెండో ఏలూ మూడో ఏలూ అతుక్కుని ఉండేవి. మద్దిలో మట్టి ఇరుక్కుంటే పుల్లతో తీసుకునేవోడు."

బాబాయి కాగితాలు తిరగేశాడు. రైల్వే వాడికి పుట్టుమచ్చ. చెరకు తోట వాడికి నుదుటి మీద గాటు. మూడో కాగితం మీద మాత్రం ఒంటిమీద గుర్తుల గడిలో ఎడమ కాలి రెండు, మూడు వేళ్లు కలిసి ఉన్నవి అని స్పష్టంగా ఉంది.

"అమ్మా, సరిగ్గా గుర్తు తెచ్చుకో, కుడి కాలేమో."

"గుర్తేటి, నీ కాలే సూసుకో."

బాబాయి కాలు వెనక్కి లాక్కున్నాడు గానీ అప్పటికే నాన్న వంగి మేజోడు లాగేశాడు. రెండో వేలూ మూడో వేలూ సగం దాకా కలిసి ఉన్నాయి. చిన్నప్పట్నుంచీ అది నామోషీ అనుకుని ఆయన ఇంట్లో కూడా మేజోళ్లతో తిరుగుతాడని పిన్నికి తప్ప మాలో ఎవరికీ తెలీదు. రికార్డుల వెంట ఊళ్లు పట్టి తిరిగినన్నాళ్లూ అసలు రికార్డు ఆయన బూట్లోనే ఉంది.

బాబాయి తేరుకోవడం కూడా గొప్పగానే ఉంటుంది. ఒక నిమిషం మౌనంగా ఉండి, "డర్బన్ మునిసిపాలిటీ అంటే ఇప్పటి లెక్కలో కార్పొరేషన్. కార్పొరేషన్ ఉద్యోగం అంటే తక్కువా?" అన్నాడు. ఫ్లెక్సీ కుర్రాడికి ఫోన్ చేస్తే, ఇంజను తీసేసి చీపురు పెట్టాలంటే డిజైను చార్జీ మళ్లీ పడుతుందన్నాడు.

అయితే ఈసారి అందరి చూపూ వేరే గడి మీద ఉంది. పోలి. భార్య.

"ఎవత్తది?" అంది నాన్నమ్మ.

నాకు తెలిసింది చెప్పాను. ఓడలో నూరుమంది మగవాళ్లుంటే నలభైమంది ఆడవాళ్లుండాలని సర్కారు నిబంధన. ఆ లెక్క కోసం ఏజెంట్లు తంటాలు పడేవాళ్లు. ఒంటరిగా వచ్చిన మగవాడూ ఒంటరిగా వచ్చిన ఆడమనిషీ ఓడెక్కే ముందు ఉంచే డిపోలోనే మొగుడూ పెళ్లాలుగా పేర్లు రాయించుకోవడం ఉండేది. అవసరానికి కలిసినవాళ్లు కొందరు నిజంగానే కాపురాలు చేశారు. ఐదేళ్ల ఒప్పందం పూర్తయ్యాక అక్కడే ఉండిపోవాలంటే ఏటా తలకి 3 పౌన్ల పన్ను కట్టాలి. మొదటి ఏడాది జీతం నెలకి 10 షిల్లింగులు, అంటే పన్నుకే ఆరు నెలల జీతం. అందుకే కొందరు తిరిగొచ్చేశారు.

ఇదంతా విని నాన్నమ్మ బాధపడుతుందనుకున్నాం. ఆవిడ మొహంలో ఎన్నడూ లేని వెలుగు వచ్చింది. "మా అత్త బతికుండగా ఈ కాయితం దొరక్కపోయింది రా! 'మీ మావ నన్ను తప్ప ఇంకో ఆడదాన్ని కన్నెత్తి సూళ్లేదు' అని నా పేణం తీసేది." కాగితం అడిగి తీసుకుని బొడ్లో దోపుకుంది. మళ్లీ ఇవ్వలేదు.

పెద్దనాన్న ఆలోచన మాత్రం పట్టాదారు పాసుపుస్తకం వైపు పోయింది. "ఆ పోలికి పిల్లలుంటే? రేపు వాళ్లొచ్చి వాటా అడిగితే?" ఉన్నది ఎకరం నలభై సెంట్లు, అదీ తాతయ్య సంపాదించింది, దాంట్లో వాళ్లకి వాటా ఎలా వస్తుందని నాన్న ఎంత చెప్పినా ఆయన టెన్షన్ తగ్గలేదు. బాబాయికి ఎదురు టెన్షన్: వాళ్లు దొరికితే గృహప్రవేశానికి విదేశీ బంధువులు వచ్చినట్టవుతుంది.

మా ఊరి కుర్రాడొకడు జోహాన్నెస్‌బర్గ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాడు. అక్కడి మనవాళ్లలో చాలామందికి ముత్తాతల ఓడ నంబర్లు తెలుసట. విదేశాల్లో ఉన్న మన సంతతివాళ్లకి మన దేశం ఇచ్చే ఓసీఐ కార్డు కావాలంటే పూర్వీకులు ఇక్కడివాళ్లని రుజువు చూపాలి కదా. ఆ కుర్రాడు వాళ్లనీ వీళ్లనీ అడిగి, పోలి నంబరు తమ ముత్తవ్వదేనంటున్న ఒక డర్బన్ ఆవిడ వాట్సాప్ నంబరు పట్టాడు. ఆవిడ ఇంటిపేరు ఏమిటంటే, అప్పల్‌సామి. పుట్టినచోట ఇంటిపేరుకి నోచుకోని మా ముత్తాత అక్కడ తనే ఇంటిపేరైపోయాడు.

"పేరు చూసి నమ్మేస్తామా? అప్పలస్వాములు ఎంతమంది లేరు!" అన్నాడు పెద్దనాన్న, మొదటిసారి మా ఊరి పేర్ల మీద కృతజ్ఞతతో.

"కాలు సూపించమను," అంది నాన్నమ్మ.

బాబాయికి అది శాస్త్రీయంగా తోచింది. నన్ను పిలిచి రాయించుంటే బాగుండేది. ఆయన అరుగు చివర కూర్చుని సొంత ఇంగ్లీషులో కొట్టేశాడు. "రెస్పెక్టెడ్ మేడమ్, గుడ్ ఈవెనింగ్ ఫ్రమ్ ఇండియా. యు డోంట్ నో మి. ప్లీజ్ సెండ్ యువర్ లెఫ్ట్ లెగ్ ఫోటో, వితౌట్ చెప్పల్స్. క్లోజప్. అర్జెంట్. మై మదర్ ఈజ్ వెయిటింగ్."

బ్లూ టిక్కులు పడ్డాయి. కాసేపటికి ఆవిడ ప్రొఫైల్ ఫోటో మాయమైంది.

"నెట్ స్లోగా ఉన్నట్టుంది," అని బాబాయి అదే మెసేజ్ మళ్లీ పంపాడు. ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయింది. ఫోన్ అరుగు మీద పెట్టి స్నానానికి వెళ్లాడు. పాల లెక్క చూడ్డానికి పిన్ని ఆ ఫోన్ తీసింది. ఆమె ఏం చదివిందో మాకు అక్షరం అక్షరం తెలుసు, ఎందుకంటే బాత్రూం తలుపు ముందు నిలబడి పైకి చదివింది. "క్లోజప్పా? అరవై రెండేళ్లొచ్చి క్లోజప్పా? పైగా మధ్యలో అత్తయ్య పేరు!" లోపల నీళ్ల చప్పుడు ఆగిపోయింది. బాబాయి చాలాసేపటి దాకా బయటికి రాలేదు.

రాత్రి భోజనాల వేళకి ఇంకో విదేశీ నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. ఫోన్ పిన్ని చేతిలోనే ఉంది. తెరిచింది. ఫోటోలో సిమెంటు మెట్టు మీద ఆనించిన ఒక మగవాడి ఎడమ కాలు, పన్నెండో నంబరు బూటు పట్టేంత ఉంది. కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. నేను తెలుగులో చెప్పాను: "ఇది నా కాలు. మా చెల్లెలికి ఇంకోసారి మెసేజ్ పెట్టావంటే ఇండియా వచ్చి మరీ ఈ కాలితోనే తంతాను."

నాన్నమ్మ కళ్లద్దాలు తెప్పించుకుంది. ఫోన్ దగ్గరికీ దూరానికీ జరుపుకుని, పిన్ని చేత వేళ్ల దగ్గర పెద్దది చేయించి చూసింది.

"మనోడే," అంది. "కోపం కూడా మావదే."