వాన పడిన మర్నాడే జలపాతానికి పరుగెత్తమనే మెసేజ్ ఎందుకు తప్పు

తొలకరి దాటి, జులైలో నాలుగు గట్టి వానలు పడగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఏటా మాటలు కాస్త అటూ ఇటూ మారతాయి కానీ విషయం అదే. పైన తెలంగాణలోని బొగత జలపాతం ఫొటో, కింద సలహాలు. ‘జలపాతం అసలు అందం చూడాలంటే భారీ వర్షం పడిన మర్నాడే వెళ్లాలి. మీరు వెళ్లిన రోజు వాన లేకపోతే టెన్షన్ అక్కర్లేదు. మోకాళ్ల లోతు నీళ్లు ఏమీ చేయవు, ఈత వస్తే గుండంలోకి కూడా దిగొచ్చు. దారిలో వాగు అడ్డొస్తే పెద్ద బండితో దాటేయొచ్చు. ఫారెస్ట్ వాళ్ల బోర్డులు ఉత్త ఫార్మాలిటీ. కుంటాల, పొచ్చెర, బొగత ఒక్క వీకెండ్‌లో కవర్ చేయొచ్చు. జనం లేని చోటు కావాలంటే ముత్యాలధార.’ చివర్లో ‘ఫ్రెండ్స్ అందరికీ పంపండి’ అని ఉంటుంది. జనం పంపుతూనే ఉంటారు.

జలపాతాలకు వెళ్లొద్దని చెప్పే మనిషిని కాను నేను. వానాకాలం వస్తే బ్యాగు సర్దుకునేవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఈ మెసేజ్ చూసినప్పుడల్లా కడుపు మండుతుంది. దీన్ని నమ్మి వెళ్లేవాళ్లలో చిన్న పిల్లలను వెంటబెట్టుకునేవాళ్లు ఉంటారు, మొదటిసారి అడవి చూసే కాలేజీ కుర్రాళ్లు ఉంటారు.

‘మీరు వెళ్లిన రోజు వాన లేకపోతే టెన్షన్ అక్కర్లేదు’ అన్నది ఇందులో అన్నింటికంటే ప్రమాదకరమైన మాట. జలపాతం దగ్గర మన నెత్తిన వాన పడుతోందా లేదా అన్నది పెద్ద విషయం కాదు. నీళ్లు వచ్చేది ఎగువ నుంచి. కుంటాల దగ్గర దూకేది కడెం వాగు. ఆదిలాబాద్ కొండల్లో, అడవుల్లో పడిన వాననంతా పోగేసుకుని వస్తుందది. ఎగువన బోథ్ వైపు కుండపోత కురుస్తుంటే కుంటాల మెట్ల దగ్గర ఎండ కాస్తూ ఉండొచ్చు. ఆ నీళ్లు కిందికి చేరడానికి కొంత సమయం పడుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే మనం వాగు మధ్య బండ మీద టిఫిన్ బాక్సులు విప్పుకుని కూర్చుంటాం.

ఈ వాగు ఎంత నీళ్లు తేగలదో తెలియాలంటే 2022 జులైని గుర్తు చేసుకోవాలి. కుంటాలకు దిగువన ఉన్న కడెం ప్రాజెక్టుకు అప్పుడు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ప్రాజెక్టు కిందికి వదలగలిగేది సుమారు 3 లక్షలే. నీళ్లు గేట్ల మీదుగా పొర్లాయి. దిగువ ఊళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. ఫొటోల్లో పలచగా, తెల్లగా జారుతూ కనిపించే కుంటాలది ఇదే వాగు.

వాన లేని చోట వరద రావడానికి ఇంకో ఉదాహరణ తెలుగువాళ్లెవరూ మరిచిపోకూడనిది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో, బియాస్ నదిలో బండల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, వాళ్లతో వచ్చిన టూర్ మనిషి ఒకరు కొట్టుకుపోయారు. ఎగువన లార్జి జల విద్యుత్ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. వాళ్లు దిగినప్పుడు బండలు పొడిగా ఉన్నాయి. పిల్లల కోసం కన్నవాళ్లు ఆ నది ఒడ్డున రోజుల తరబడి ఎదురుచూశారు. ‘ఆ రోజు వాన ఉందా’ అన్న ప్రశ్నకు అక్కడ అర్థమే లేదు.

మరి ఏం చూడాలి? ఎగువ మండలాల్లో ముందు రోజు, ఆ రోజు వాన ఎంత పడిందో చూడాలి. పైన డ్యామ్ ఉందేమో కనుక్కోవాలి. నీళ్ల దగ్గరికి వెళ్లాక వాగును చూస్తూ ఉండాలి. తేటగా ఉన్న నీళ్లకు కొంచెం మట్టి రంగు తిరిగినా, ఎండుటాకులు, పుల్లలు గుంపుగా కొట్టుకొస్తున్నా, ఇందాక పొడిగా ఉన్న బండ అంచు తడిసినా, నీటి హోరు ఒక్కసారిగా బరువెక్కినట్టు వినిపించినా ఇక ఫొటో వద్దు, చెప్పులు వెతకడం వద్దు. పిల్లల చెయ్యి పట్టుకుని గట్టెక్కాలి, అదీ వాగు వెంబడి కాదు, పక్కనున్న ఎత్తుకి. చాలాసార్లు ఈ గుర్తులకూ అసలు వరదకూ మధ్య కొన్ని నిమిషాలే ఉంటాయి.

‘మోకాళ్ల లోతు నీళ్లు ఏమీ చేయవు.’ చెరువులో నిలిచిన నీళ్ల గురించి అయితే సరే. పారే నీళ్లలో లెక్క వేరు. నీటి వేగం రెండింతలైతే అది కాళ్లను నెట్టే బలం నాలుగింతలవుతుంది. మోకాళ్ల లోతు నీళ్లు మామూలుగా పారుతున్నప్పుడు హాయిగా నిలబడిన మనిషి, అంతే లోతులో వేగం పెరిగితే నిలబడలేడు. దానికి తోడు అడుగున పాచి పట్టిన బండ. ఒక కాలు ఎత్తి ముందుకు వేసే ఆ క్షణం మొత్తం బరువు ఒంటి కాలి మీద ఉంటుంది. చాలామంది పడేది అక్కడే.

2024 జూన్ 30న మహారాష్ట్రలోని లోనావాలాలో భుషి డ్యామ్ వెనక ఉన్న జలపాతం దగ్గర తీసిన వీడియో చాలామంది చూసే ఉంటారు. ఒక కుటుంబం వాగు మధ్యలో బండ మీద ఒకరినొకరు గట్టిగా పట్టుకుని నిలబడి ఉంటుంది. చుట్టూ నీళ్లు పెరుగుతాయి. గట్టు మీద జనం ఉన్నా ఏమీ చేయలేకపోయారు. కాసేపటికి అందరూ ఒక్కసారే జారిపోయారు. ఐదుగురు చనిపోయారు, అందులో చిన్న పిల్లలు ఉన్నారు. ఆ వీడియో కింద ‘గట్టిగా పట్టుకుని ఉండాల్సింది’ అని రాసినవాళ్లున్నారు. గట్టిగానే పట్టుకున్నారు పాపం. గుంపుగా నిలబడితే నీళ్లకు అడ్డు తగిలే వెడల్పూ పెరుగుతుంది, ఒకరి కాలు జారితే ఆ బరువు మిగతావాళ్ల మీద పడుతుంది. వాళ్లు దిగినప్పుడు ఆ నీళ్లు కూడా ‘ఏమీ చేయని’ నీళ్లే.

ఈత సంగతి. ఈత కొలనులో నేర్చుకున్నది జలపాతం కింది గుండంలో పనికిరాదు. నీళ్లు పైనుంచి పడే చోట గాలి బుడగలు కలిసి తెల్లగా మరుగుతుంటాయి. ఆ నీటికి సాంద్రత తక్కువ, మనిషిని మామూలు నీళ్లలా తేల్చలేదు. పైగా పడిన నీళ్లు అడుగుకి వెళ్లి వెనక్కి తిరుగుతాయి. తేలిన మనిషిని అదే ప్రవాహం మళ్లీ ధార కిందికి లాగుతుంది. కుంటాలలో బండల మధ్య లోతైన గుండాలు ఉన్నాయి, పైనుంచి చూస్తే లోతు తెలియదు. ఈత వచ్చినవాళ్లు కూడా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. నాగార్జునసాగర్ దగ్గరి ఎత్తిపోతలలో అయితే ఇంకో కారణం కూడా ఉంది. చంద్రవంక వాగు దూకే ఆ గుండంలో మొసళ్లు ఉంటాయి, అక్కడ మొసళ్ల పెంపక కేంద్రమే ఉంది.

‘పెద్ద బండితో వాగు దాటేయొచ్చు’ అన్నదానికి చిన్న లెక్క చాలు. 4 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు ఉన్న కారు తీసుకోండి. కారు అడుగుభాగాన్ని నీళ్లు తాకిన తర్వాత మట్టం ఇంకో అడుగు పెరిగిందంటే ఆ కారు పక్కకు తోసే నీళ్లు దాదాపు 2 టన్నులు. అంటే అంత బలంతో నీళ్లు కారును పైకి లేపుతాయి. అలాంటి కారు బరువు 1 టన్నుకు కాస్త అటూ ఇటూ. లోపలికి నీళ్లు నిండేలోపే టైర్లు పట్టు వదిలేస్తాయి, ఆ తర్వాత స్టీరింగ్ తిప్పినా ఒకటే, తిప్పకపోయినా ఒకటే. ఎత్తు బండ్లకు ఇంకొంచెం వ్యవధి దొరుకుతుంది, అంతే. మన దగ్గర చాలా చప్టాలకు పక్క గోడలుండవు. బురద నీళ్ల కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో డ్రైవర్‌కు కనిపించదు. ముందు వెళ్లిన ట్రాక్టర్ దాటింది కదా అని వెనక కారు దిగడం వానాకాలం పేపర్లలో తరచూ చదివే వార్తే. ఊరివాళ్లు ఆగి ఉన్నారంటే మనమూ ఆగాలి. ఆ వాగు వాళ్లకు తెలుసు.

బోర్డుల సంగతికి వస్తే, వరద ఎక్కువైన రోజుల్లో బొగత దగ్గర సందర్శకులను ఆపేస్తారు. ‘300 కిలోమీటర్లు వచ్చాం, ఒక్క ఫొటో తీసుకుని వెళ్లిపోతాం’ అని గేటు దగ్గర సిబ్బందితో గొడవ పెట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. లోపల ఎవరైనా కొట్టుకుపోతే తాళ్లు పట్టుకుని నీళ్లలోకి దిగాల్సింది ఆ సిబ్బందీ, పక్క ఊళ్ల గిరిజన యువకులే.

ఒక్క వీకెండ్‌లో మూడూ చూసేయమన్నది మ్యాప్ తెరవనివాళ్ల మాట. కుంటాల, పొచ్చెర రెండూ ఒకే వైపు, ఒకదాని తర్వాత ఒకటి చూడొచ్చు. బొగత ములుగు జిల్లా వాజేడు మండలంలో, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దగ్గర, గోదావరికి అవతల. హైదరాబాద్ నుంచి ఒక్కోదానికి వెళ్లడానికే ఐదారు గంటలు. అన్నీ చుట్టాలంటే రాత్రంతా తడి రోడ్ల మీద నిద్ర కళ్లతో నడపాల్సిందే. నీళ్ల దగ్గరికి చేరకముందే ప్రాణం మీదికి తెచ్చుకునే పద్ధతి ఇది.

ఇక ముత్యాలధార. ములుగు జిల్లా వీరభద్రవరం దగ్గర అడవిలో, సుమారు 700 అడుగుల ఎత్తు నుంచి జారే ఈ ధార నిజంగానే అద్భుతం. జనం లేకపోవడానికి కారణం మాత్రం మెసేజ్‌లో రాయలేదు. అక్కడికి అడవిలో నడవాలి, దారిలో వాగులు దాటాలి. 2023 జులై 26న వెళ్లిన పర్యాటకులు పదుల సంఖ్యలో అలాగే చిక్కుకుపోయారు. వెళ్లేటప్పుడు దాటిన మామిడి వాగు తిరిగి వచ్చేసరికి పొంగింది. రాత్రంతా అడవిలో వానలో ఉన్నారు. వాగు దాటే ప్రయత్నం చేయొద్దని, ఎత్తైన చోట ఉండమని పోలీసులు ఫోన్‌లో చెప్పారు, వాళ్లు విన్నారు, ఎన్డీఆర్ఎఫ్ విపత్తు సహాయక బృందాలు వచ్చి బయటికి తీసుకొచ్చాయి. ఫోన్ కలవడం వాళ్ల అదృష్టం. మర్నాడు ఉదయానికి ముగిసిన 24 గంటల్లో అదే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, తెలంగాణలో అంతకుముందు ఎన్నడూ నమోదు కానంత. వాగు మధ్య ధైర్యం చేసి ఉంటే ఆ కథ ఎలా ముగిసేదో ఊహించుకోవడానికే భయమేస్తుంది.

మిగిలింది మొదటి మాట, భారీ వర్షం మర్నాడే అసలు అందం అన్నది. ఇది కూడా నిజం కాదు. పెద్ద వరదలో జలపాతం ఎర్రమట్టి నీళ్ల గోడలా ఉంటుంది. బండల మెట్లు, పాయలు, మధ్యలో పచ్చటి చెట్లు ఏవీ కనిపించవు, తుంపర్ల వల్ల దగ్గరికీ వెళ్లలేం. వానలు తెరిపిచ్చి కొన్ని రోజులయ్యాక నీళ్లు తేటపడతాయి, పాయలు విడివిడిగా తెల్లగా దూకుతాయి. మెసేజ్‌లో పెట్టే ఆ బొగత ఫొటో కూడా తేట నీళ్ల నాటిదే, వరద మర్నాటిది కాదు. కుంటాల, పొచ్చెర, బొగతలకు సెప్టెంబరులో తెరిపి దొరికిన రోజులు, దసరా సెలవులు మంచి సమయం. అడవి అప్పటికీ పచ్చగానే ఉంటుంది. తిరుపతి జిల్లా తలకోనకైతే జులై లెక్కే పనికిరాదు. అక్కడ గట్టి వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి, 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వరద ఆ కాలంలో వచ్చిందే. అల్పపీడనం వార్త ఉన్న వారం వదిలేసి, అది దాటిన తర్వాతి వారం వెళ్లండి. బయలుదేరే ముందు అక్కడి అటవీ కార్యాలయానికి గానీ, దగ్గరి ఊళ్లో తెలిసినవాళ్లకు గానీ ఒక ఫోన్ చేసి వాగులు ఎలా ఉన్నాయో అడగండి. మీ గ్రూపులో ఆ మెసేజ్ మళ్లీ వస్తే దాని కిందే ఈ తేడాలు రాయండి, ముఖ్యంగా ఎగువ వాన సంగతి.