సవరణ: నీలినాలుక వైరస్‌కు కొవ్వు పొర లేదు

పోయిన వారం గొర్ల జబ్బుల గురించి రాస్తూ, పీపీఆర్ అనే పారుడు రోగం, నీలినాలుక రెండింటి వైరస్‌లకూ పైన కొవ్వు పొర ఉంటుందని, దొడ్డి సబ్బునీళ్లతో కడిగితే రెండూ చస్తాయని చెప్పాను. నీలినాలుక విషయంలో అది పూర్తిగా తప్పు. దేవరకొండ వైపు మంద ఉన్న ఒక పెద్దాయన ఫోన్ చేసి, "దొడ్డి మొత్తం కడిగినం సారూ, అయినా నాలుగింటికి మూతులు వాచినయ్" అన్నారు. ఆయనకు నా క్షమాపణలు.

పారుడు వైరస్ మన తట్టు వైరస్‌కు దగ్గరి చుట్టం. దాని కొవ్వు పొర కణం పొరతో కలిసిపోయి లోపలి ఆర్‌ఎన్‌ఏను, అంటే వైరస్ జన్యు పదార్థాన్ని, కణంలోకి దింపుతుంది. సబ్బు ఆ పొరను కరిగిస్తుంది కాబట్టి ఆ మాట వరకు సరైనదే.

నీలినాలుక వైరస్‌కు ఉన్నవి ఒకదానిలో ఒకటి ఇమిడిన ప్రొటీన్ గుల్లలు. లోపల 10 ముక్కలుగా జంటపోగుల ఆర్‌ఎన్‌ఏ. కణం దాన్ని చిన్న సంచిలో చుట్టి మింగుతుంది. ఆ సంచిలోని ఆమ్లానికి పై గుల్ల ఊడి, మిగతాది కణంలోకి జారుతుంది.

ఇంకా పెద్ద పొరపాటు, అసలు దాన్ని మోసేదెవరో రాయకపోవడం. కూలికాయిడిస్ అనే 1 నుంచి 3 మిల్లీమీటర్ల కుట్టే ఈగలు మోస్తాయి. వానల తర్వాత బురదలో, తడి పేడలో పెరిగి, ఎక్కువగా మునిమాపు, తెల్లవారుజామున కుడతాయి. రాత్రిపూట మందను చెరువు ఒడ్డున కాకుండా ఎత్తైన పొడి నేల మీద ఉంచండి. పారుడు టీకా నీలినాలుకకు పనిచేయదు. నీలినాలుక వైరస్‌లో 24కు పైగా రకాలున్నాయి, టీకా కూడా వేరే. పశువైద్యుణ్ని అడిగి వేయించండి.