గుర్రం లేని లాండ్రీకి 15 డాలర్లు

అమెరికా రాజకీయాల్లో అక్కడికి వలసపోయిన చైనావాళ్ళ పిల్లలు ఇంత ఎత్తుకు ఎలా ఎదిగారని అడిగితే అందరూ చదువు అంటారు, కష్టపడే గుణం అంటారు. తీర్చిదిద్దిన గురువుల పేరు మాత్రం ఒక్కరూ ఎత్తరు. శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలకులకు ఈ విషయంలో తీరని అన్యాయం జరిగింది.

1870లో ఆ పెద్దలు ఒక ఆర్డినెన్స్ తెచ్చారు. గదిలో మనిషికి 500 ఘనపుటడుగుల గాలి ఉండి తీరాలి. చైనావాళ్ళ ఊపిరి మీద ఎంత శ్రద్ధో చూడండి! ఇరుకు గదుల్లో పడుకున్నవాళ్ళని పట్టుకుపోతే, వాళ్ళు జరిమానా కట్టం, జైలుకే పోతామన్నారు. మన దగ్గర జైల్ భరో అనే మాట పుట్టకముందే అక్కడ జైలు కిక్కిరిసింది. టేపు పెట్టి కొలిస్తే, ముందు అరెస్టు చేయాల్సింది జైలర్‌నే.

తర్వాత లాండ్రీల మీద పడ్డారు. బట్టలు చేరవేసే బండికి ఒక గుర్రం ఉంటే లైసెన్సు ఫీజు మూడు నెలలకు 2 డాలర్లు, అసలు గుర్రమే లేకపోతే 15. మూటలు భుజాన మోసుకుని ఇంటింటికీ తిరిగేది చైనావాళ్ళే. ఉన్న గుర్రం కన్నా లేని గుర్రానికే దాణా ఎక్కువన్నమాట. ఆ పైన చెక్క ఇళ్ళలో లాండ్రీ పెడితే అగ్గి భయమని పర్మిషన్ రూలు పెట్టారు. దాదాపు 200 మంది చైనావాళ్ళు అడిగితే ఒక్కరికీ ఇవ్వలేదు. మిగతా జాతులవాళ్ళు 80 మంది అడిగితే ఒక్కరికి తప్ప అందరికీ ఇచ్చారు. అక్కడి నిప్పు మొహం చూసి అంటుకునేది కాబోలు. 1886లో సుప్రీంకోర్టు, పాపం, ఆ పాఠం ఆపించింది.

అలాంటి ఒక లాండ్రీ వెనక గదిలోనే, కాలిఫోర్నియాలోని ఓక్‌డేల్‌లో, 1922లో మార్చ్ ఫాంగ్ యూ పుట్టారు. ఆవిడ 1966లో రాష్ట్ర అసెంబ్లీకి గెలిచారు. అప్పట్లో పబ్లిక్ టాయిలెట్లలో మగవాళ్ళు నిలబడి ఊరికే కానిచ్చేవారు, ఆడవాళ్ళు మాత్రం తలుపు తెరుచుకోవాలంటే నాణెం వేయాలి. గుర్రం లేనివాళ్ళకే పన్నన్న పాత లెక్కే ఇదీను. 1969లో ఆవిడ శాసనసభ భవనం మెట్ల మీద ఒక కమోడ్ పెట్టించి, పెద్ద సమ్మెట తీసుకుని పగలగొట్టారు. 1974లో ఆ నాణెం వసూలుకు అడ్డుకట్ట వేసే చట్టం వచ్చింది. ఆ ఏడాదే ఆవిడ రాష్ట్రమంతా ఎన్నికలు నడిపించే సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా గెలిచారు.

పైన వాషింగ్టన్ రాష్ట్రంలో గ్యారీ లాక్ తాతగారు ఒలింపియాలో ఒకరింట్లో పనివాడు. గవర్నర్ బంగళా అక్కడికి మైలు దూరం కూడా లేదు. 1996లో మనవడు గవర్నర్‌గా గెలిచారు. ఆ ఒక్క మైలుకీ మా వాళ్ళకి వందేళ్ళు పట్టిందని ఆయన చెప్పుకునేవారు.

పట్టదా మరి, గుర్రం లేదాయె.